నలభై ఒక్క మంది అధ్యక్షులు, ఒక పార

నేను ఒక పారను. నావి నలభై ఒక్క ఫోటోలు ఉన్నాయి, ఒక్కదానిలోనూ నేను మట్టి తవ్వడం లేదు. నన్ను పట్టుకున్న పిల్లలు మాత్రం అందరూ నవ్వుతున్నారు. తెల్ల బూట్లు, ఇస్త్రీ చెదరని టీషర్టులు, నుదుటి మీద చెమట. ఆ చెమట సీసాలోంచి చిలకరించిన మంచినీళ్ళేనని లోకానికి చెప్పడానికే ఈ ఆత్మకథ మొదలుపెట్టాను. మధ్యలో ఒక అమ్మాయి సంగతి వచ్చి పడింది కాబట్టి కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

పార కాకముందు నేను ఒక లారీ కింద కమాను పట్టీని. పద్నాలుగేళ్ళు సిమెంటు బస్తాల బరువు మోసి, ఒకనాడు రోడ్డు గుంతలో విరిగాను. కల్వకుర్తి దగ్గర వీరాచారి అనే కమ్మరి నన్ను కొలిమిలో పెట్టి, ఎర్రగా కాల్చి, సమ్మెటతో బాది, నీళ్ళలో ముంచి పారను చేశాడు. తుమ్మకర్రతో పిడి వేశాడు. నొప్పి గురించి చెప్పను, మొత్తం పని ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. మనుషుల పిల్లల్ని తయారుచెయ్యడానికి తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పడుతుందని తర్వాత తెలిసి, వీరాచారి మీద గౌరవం పెరిగింది.

అంగడిలో నన్ను ఎంచుకున్నది మల్కమ్మ. ఆమె అయిదు పారల్ని వరసగా చేతిలోకి తీసుకుంది. గోటితో మీటి చప్పుడు విన్నది. నేల మీద రెండేసి దెబ్బలు వేసి చూసింది. నాలుగింటిని పక్కన పెట్టి నన్ను భుజాన వేసుకుంది. అంతకుముందు ఏమేం చేశావని అడగలేదు, ఎంతమందికి నాయకత్వం వహించావని అడగలేదు. తవ్వుతానా లేదా అన్నదొక్కటే చూసింది. ఎంపిక అంటే లోకమంతా అలాగే ఉంటుందనుకుని కొన్నేళ్ళు అమాయకంగా బతికాను.

మల్కమ్మ హైదరాబాదు వచ్చి శ్వేతశిఖర అనే గేటెడ్ కమ్యూనిటీలో తోటపనికి కుదిరింది. నాలుగు వందల ఫ్లాట్లు. అక్కడ శిఖరమూ లేదు, తెలుపూ లేదు, గోడలన్నీ పసుపు రంగు. కాంట్రాక్టరు ఇచ్చే పార రాయి తగిలితే ఒంగిపోతుందని నన్ను వెంట తెచ్చుకుంది. ఏడెనిమిదేళ్ళు ఇద్దరం కలిసి పని చేశాం. మాకు ఒకరితో ఒకరికి మాట్లాడే అవసరం రాలేదు.

అలాంటి రోజుల్లో మా క్లబ్‌హౌస్‌లోకి దక్షిణామూర్తి సార్ వచ్చాడు. ఉత్తరాదిలో ఒక పెద్ద కాలేజీ ఉందట. వెయ్యి మంది అడిగితే ఇరవై మందికి సీటిస్తారట. మార్కులు చూసి ఊరుకోరు, బడి బయట ఏం చేశావు, ఎవరిని నడిపించావు, నీ కథేమిటి అని అడుగుతారట. ఈ సమాధానాలన్నీ కలిపిన కట్టను ప్రొఫైల్ అంటారు. పిల్లలకు ప్రొఫైళ్ళు తయారుచేసి పెట్టడం దక్షిణామూర్తి సార్ పని. అంతకుముందు ఆయన పెళ్ళి సంబంధాల బ్యూరో నడిపాడు. పని పెద్దగా మారలేదని, అప్పుడు పొడుగు ఒక అంగుళం కలిపేవాణ్ణని, ఇప్పుడు సేవ కలుపుతున్నానని ఆయనే నవ్వుతూ చెప్పాడు.

మొదటి ఆదివారం తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి అన్నాడు. "చూడండమ్మా, తొంభై అయిదు మార్కులు ఇప్పుడు కుక్కకీ వస్తున్నాయి, నక్కకీ వస్తున్నాయి. వాళ్ళకి కావలసింది లీడరు. మీ అబ్బాయి లీడరా?"

"మంచం దిగడండీ," అంది ఒక తల్లి నిజాయితీగా.

"దిగక్కర్లేదు. ఒక సంస్థ పెడదాం. దానికి అధ్యక్షుణ్ణి చేద్దాం."

అలా మొదలైంది. ఒకడు 'గ్రీన్ గుండె' పెట్టాడు. ఒకతె 'ఆకు ఫర్ ఆల్' పెట్టింది. 'చిగురు గ్లోబల్ మిషన్' పెట్టిన వాడు లిఫ్టు లేకుండా రెండో అంతస్తు ఎక్కలేడు. దరఖాస్తుల కాలం వచ్చేసరికి శ్వేతశిఖరలో నలభై ఒక్క పర్యావరణ సంస్థలు, నలభై ఒక్క మంది అధ్యక్షులు తేలారు. సభ్యుడు మాత్రం ఒక్కడూ దొరకలేదు. ఎవరు ఎవరి కింద సభ్యులుగా ఉంటారు చెప్పండి, అది ప్రొఫైల్‌లో పనికిరాదు కదా. చివరికి సార్ మల్కమ్మను పిలిచి నలభై ఒక్క సంస్థల్లోనూ సభ్యురాలిగా చేర్పించాడు. నలభై ఒక్క గుర్తింపు కార్డులు ఆమె ఒక ప్లాస్టిక్ సంచీలో వేసి మోటారు గదిలో మేకుకు తగిలించింది. దేశంలో అంత ప్రజాసేవ చేస్తున్న మనిషి మరొకరు ఉండి ఉండరు.

ఇక మొక్కలు నాటడం. క్లబ్‌హౌస్ ముందు వెలుతురు బాగా పడే చోట ఒక్క గుంటకు మాత్రమే అసోసియేషన్ ఒప్పుకుంది. ఆ గుంట నేనూ మల్కమ్మా తవ్వినదే. అధ్యక్షులు నలభై ఒక్క మంది, గుంట ఒకటి. మొక్కను నిజంగా నాటేస్తే తర్వాతి అధ్యక్షుడికి చోటుండదు. అందుకని నర్సరీ వాడిచ్చిన నల్ల సంచీ విప్పకుండానే మొక్కను గుంటలో నిలబెట్టి, సంచీ కనబడకుండా పైన నాలుగు గుప్పిళ్ళ మట్టి పోసేవారు. ఫోటో తీయగానే మొక్కను పైకి లాగి మెట్ల పక్కన పారేసేవారు. ప్రతి అధ్యక్షుడికీ సొంత మొక్క, వేరేవాళ్ళు వాడిన మొక్కతో ఫోటో దిగడానికి తల్లులు ఒప్పుకోలేదు.

నన్ను పట్టుకోవడం వాళ్ళకు చేతకాలేదని వేరే చెప్పాలా. పారను పైకెత్తి, దించి, తనవైపు లాగాలి. దక్షిణామూర్తి సార్ దగ్గర ఎక్కడో విదేశంలో తీసిన బొమ్మ ఉంది, అందులో ఒక కుర్రాడు పిడి నిటారుగా ఉండే వేరే రకం పార మీద కాలు వేసి తొక్కుతున్నాడు. "అచ్చం అలా, కాలు పైన పెట్టు," అనేవాడు సార్. నా మెడ మీద తెల్ల బూటు ఆనించి ఒంటికాలి మీద నిలబడేవారు పాపం. ఇద్దరు పడ్డారు కూడా. ఆ పడ్డ ఇద్దరి ప్రొఫైళ్ళలో 'కష్టాలను ఎదుర్కొన్న సందర్భం' అన్న చోట ఆ సంగతి చేర్చారు.

"సంచి ఇప్పకుంటె ఏర్లు యాడికి పోతయి సారూ?" అని మల్కమ్మ ఒకసారి అడిగింది.

"వేళ్ళు ఫోటోలో పడవమ్మా," అన్నాడు సార్.

ఆమె ప్రతి ఆదివారం మధ్యాహ్నం అందరూ వెళ్ళాక మెట్ల పక్కన పడున్న మొక్కను ఒక చేత్తో, నన్ను మరో చేత్తో పట్టుకుని జనరేటరు గది వెనక్కి నడిచేది. అక్కడ ప్రహరీ దాకా ఎవరూ అడుగుపెట్టని జాగా ఉంది. నా అంచుతో నల్ల సంచీ చీల్చి, వేళ్ళు విదిల్చి, నాటేది. వారమంతా నాకు పడ్డ అవమానం ఆ పావుగంటలో తీరిపోయేది. నలభై మొక్కల్లో ముప్పై ఏడు బతికాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి. పేరు ప్రణుతి. బి బ్లాకులో అయిదో అంతస్తు, వాళ్ళమ్మ నీరజ ఒక బ్యాంకులో ఆఫీసరు. మొదటి ఆదివారం నుంచీ ప్రతివారం వచ్చి గుంట పక్కన గొంతుక్కూర్చునేది. ఫోటోల కోసం కాదు, చీమల కోసం. గుంట అంచున ఒక చీమల పుట్ట ఉంది. మొక్కను దించిన ప్రతిసారీ చీమలు గుడ్లు నోట కరుచుకుని బయటికి పరుగెత్తేవి, మొక్కను లాగేశాక మళ్ళీ మోసుకొచ్చేవి. ప్రణుతి చేతి గడియారం చూసుకుంటూ ఒక నీలం నోటుబుక్కులో ఏదో రాసుకునేది. అలా రాస్తున్నప్పుడు నాలుక కొంచెం బయటపెట్టేది. నాకు ఆ పిల్ల నచ్చింది. ఒక్కసారి కూడా నా మీద కాలు వెయ్యలేదు.

ఆ పెద్ద కాలేజీలో చీమల మీదే పనిచేసే ఒక మేడం ఉందట. ఆవిడ రాసినవన్నీ ఈ పిల్ల చదివిందట. మిగతా నలభై మందికి ఆ కాలేజీ గొప్పది కాబట్టి కావాలి, ప్రణుతికి ఆవిడ ఉంది కాబట్టి కావాలి. ఇంకెక్కడికీ దరఖాస్తు పెట్టనని ఇంట్లో తెగేసి చెప్పింది. నీరజ ఏడ్చింది, తర్వాత దక్షిణామూర్తి సార్ దగ్గరికి లాక్కొచ్చింది.

సార్ నీలం నోటుబుక్కు తిరగేశాడు. "చీమలు కుదరవమ్మా. చీమలకి ఇంపాక్ట్ ఉండదు."

"అదొక్కటే కదా సార్ నేను చేసింది."

"చేసింది రాస్తే సీటిస్తారేంటి? నీరజ గారూ, మీరు చెప్పండి."

"ఆయన చెప్పినట్టు విను ప్రణూ. నీ ఇష్టమొచ్చినట్టు చేసి అది కాస్తా పోతే, నువ్వు తట్టుకోలేవు," అంది నీరజ. ఆ మాట నిజమేనని పిల్ల మొహం చూస్తే నాకూ అనిపించింది.

అలా ప్రణుతి నలభై ఒకటో అధ్యక్షురాలైంది. ఫోటో రోజున చీమలకు దారి ఇవ్వాలని మొక్కను పది నిమిషాలు చేతిలో పట్టుకునే నిలబడింది, సార్ గడియారం చూసుకుంటూ గొణుగుతూనే ఉన్నాడు. ఆ మొక్కను కూడా మెట్ల పక్కనే పారేశారు. దాన్నీ మల్కమ్మ బతికించింది. దరఖాస్తులో సార్ 'నలభై ఒక్క చెట్లు నాటిన యువనేత' అని రాశాడు. అందరి దరఖాస్తుల్లోనూ అదే రాశాడు. మొత్తం పదహారు వందల ఎనభై ఒక్క చెట్లవుతాయి సార్ అని ప్రణుతి అంటే, హెచ్చవేతలు నీకు బాగా వచ్చు, అది కూడా చేరుద్దాం అన్నాడు.

కాలేజీ వాళ్ళు తొమ్మిది మందిని ఫోనులోనే ముఖాముఖీకి పిలిచారు. ప్రణుతి వంతు ఒక బుధవారం ఉదయం పదకొండింటికి వచ్చింది. తెర మీద ముగ్గురు కూర్చున్నారట. నాలుగు మాటలయ్యాక ఒకాయన, మీరు నాటిన చెట్టు ఏదైనా ఒకటి చూపించగలరా అని అడిగాడు. ఏళ్ళ తరబడి అన్ని ప్రశ్నలకూ సమాధానాలు తయారుచేసిన దక్షిణామూర్తి సార్‌కి ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని తట్టలేదు.

పిల్ల ఫోను పట్టుకుని మెట్ల మీదుగా కిందికి పరుగెత్తుకొచ్చింది. గుంటలో నేనూ చీమలూ తప్ప ఏమీ లేవు. మల్కమ్మ పైపుతో గడ్డి తడుపుతోంది.

"మల్కమ్మ ఆంటీ, మొక్కలేమయ్యాయి? అన్ని మొక్కలు ఏమయ్యాయి?" గొంతు పూడుకుపోయింది.

"గట్ల ఏడుస్తవేంది బిడ్డా, రా," అని మల్కమ్మ నన్ను భుజాన వేసుకుని జనరేటరు గది వెనక్కి తీసుకెళ్ళింది.

ముప్పై ఎనిమిది చెట్లు. వేప, కానుగ, నేరేడు. సగం మల్కమ్మ నడుము దాకా, కొన్ని ఆమె తల దాటి. రెండేళ్ళుగా అదే ఆవరణలో ఉంటున్న పిల్ల అటువైపు ఒక్కసారి కూడా రాలేదు. ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి జారిపోయింది, తెర మీది ముగ్గురికీ కాసేపు నేల మాత్రమే కనబడి ఉంటుంది. సిగ్గు అనేది మనుషుల మొహాల మీద నేను చాలా తక్కువసార్లు చూశాను, ఆ రోజు చూశాను.

ఆవిడ ఎవరు అని అడిగారు వాళ్ళు. మా సంస్థ సభ్యురాలు అంది ప్రణుతి. నాకు ఇంగ్లీషు ఎలా తెలుసని అడగకండి, నలభై ఒక్క అధ్యక్షోపన్యాసాలు విన్నాను. అయితే మీ నాయకత్వం గురించి ఆమెనే చెప్పమనండి, మాకు ఆమె భాష రాదు కాబట్టి మీరే తర్జుమా చెయ్యండి అన్నారు.

మల్కమ్మ పిల్ల మొహం చూసింది. విషయం పూర్తిగా అర్థం కాకపోయినా ఏదో పెద్దది పోయేలా ఉందని అర్థమైంది. చెంగు సర్దుకుని, ఫోను దగ్గరికి వంగి, గట్టిగా మాట్లాడింది.

"గీ పిల్లనే నాటింది సారూ. అన్నీ ఈమెనే నాటింది. ఎండల నిలవడి నీళ్ళు వోసింది. నేను ఉత్తగ సూస్కుంట నిలవడ్డ, గంతే. బంగారమసొంటి పిల్ల, సీటియ్యుండ్రి."

నాకు తెలిసి మల్కమ్మ జీవితంలో చెప్పిన మొదటి అబద్ధం అది. ప్రణుతి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచి, వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పింది.

"ఆమె ఏం చెబుతోందంటే, వీటిలో ఒక్కటి కూడా ఈ పిల్ల నాటలేదు, సంచీ కూడా విప్పకుండా ఫోటో దిగి పారేశారు, నేనే ఏరుకొచ్చి నాటుకున్నాను అంటోంది."

మల్కమ్మ తన మాటే చెబుతోందనుకుని పక్కనుంచి మెల్లగా తల ఊపుతోంది. వీరాచారి సమ్మెట కింద కూడా చలించని నా ఇనుము అప్పుడు ఒణికింది.

అటునుంచి ఒక ఆడగొంతు, మరి రెండేళ్ళు మీరేం చేశారు అని అడిగింది. పిల్లకు అప్పుడు ప్రాణం లేచొచ్చింది. గుంట దగ్గరికి పరుగెత్తి, గొంతుక్కూర్చుని, నీలం నోటుబుక్కులోని సంగతి మొదలుపెట్టింది. ఈ గుంటలో నలభై ఒక్కసార్లు మొక్క దించారు. మొదటిసారి చీమలు గుడ్లన్నీ తరలించడానికి ముప్పై నాలుగు నిమిషాలు పట్టింది. ఇరవయ్యోసారికి పదిహేను. చివరిసారి ఏడు. అదీ మొక్క దించకముందే, కెమెరా స్టాండు నేలకు తగలగానే బయల్దేరాయి. ఈ కార్యక్రమంలో ఎవరైనా ఏమైనా నేర్చుకున్నారంటే అది చీమలే అంది. ఇంకా చెబుతూనే ఉంది, ఫోను చార్జింగు అయిపోయి తెర నల్లబడింది.

వాళ్ళు ఎంతదాకా విన్నారో తెలియదు. మళ్ళీ పిలవలేదు. నీరజ కిందికి దిగొచ్చి, సంగతి విని, అరవలేదు. కూతురి పక్కన గుంట అంచున చతికిలబడి చాలాసేపు చీమల్నే చూసింది. ఆ తర్వాతి రెండు నెలలూ ప్రణుతి గుంట దగ్గరికి రాలేదు.

ఉత్తరం మార్చిలో వచ్చింది. సీటు వచ్చింది. నీరజ పెట్టిన కేక నేను కిందనుంచి విన్నాను. ఆ ఉత్తరం ప్రణుతి మల్కమ్మకు చదివి వినిపించింది. 'నలభై ఒక్క చెట్లు నాటి సమాజానికి ఆదర్శంగా నిలిచిన మీ నాయకత్వాన్ని అభినందిస్తూ' అని మొదలైంది. చీమల ఊసు లేదు. అబద్ధం ఒప్పుకున్న ఊసూ లేదు. తనకు సీటు చీమలు ఇప్పించాయో, నిజం ఇప్పించిందో, అబద్ధమే ఇప్పించిందో ఆ పిల్లకు తెలియలేదు. సంతోషంగా ఉండాల్సిన పిల్ల అన్నం సరిగ్గా తినలేదు.

మూడు రోజులు ఆగి కాలేజీకి ఉత్తరం రాసింది. నేను చెట్లు నాటలేదు, ముఖాముఖీలోనే చెప్పాను, సీటు వెనక్కి తీసుకున్నా సరే, ఆ వాక్యం మాత్రం తీసెయ్యండి అని. పంపేముందు వాళ్ళమ్మకు చూపించింది. నీరజ చదివి, ఒక అక్షరదోషం దిద్ది, పంపమంది. వారానికి జవాబొచ్చింది. 'మీ నిజాయితీ మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది. దాన్ని మీ ప్రొఫైల్‌లో చేర్చాం. చెట్ల విషయంలో మరొక్కసారి అభినందనలు.'

ఈ కబురు దక్షిణామూర్తి సార్ చెవిన పడింది. పక్క ఆదివారానికల్లా 'నిజం ఒప్పుకోవడం' అని నాలుగు వారాల కోర్సు పెట్టాడు. ఇప్పుడు పిల్లలు ముందు సంచీతో మొక్క దింపి ఫోటో దిగుతారు, తర్వాత తప్పు చేశానని తడబడకుండా చెప్పడం నేర్చుకుంటారు. ఎక్కడ గొంతు పూడాలో, ఎక్కడ ఫోను జారాలో గీత గీసి ఇస్తాడు.

నాకు మాత్రం సత్కారం జరిగింది. క్లబ్‌హౌస్‌లో అద్దాల పెట్టె చేయించి, నా ఒంటి మట్టి కడిగి, నూనె పూసి, అందులో పడుకోబెట్టారు. కింద పలక మీద 'నలభై ఒక్క మంది యువనేతలను తీర్చిదిద్దిన పార' అని చెక్కించారు. పైన లైటు కూడా పెట్టారు. మల్కమ్మకు కాంట్రాక్టరు కొత్త పార ఇచ్చాడు. అది రెండో రోజే ఒంగింది. ఆమె రోజూ పొద్దున్నే గుడ్డతో నా అద్దం తుడిచేది. తుడిచి, ఒక్క నిమిషం నిలబడి, "మంచిగున్నవా?" అనేది. లేనని ఎలా చెప్పను. మట్టి తగలని పారకు అంచు దగ్గర నుంచి తుప్పు మొదలవుతుంది, ఆ నాలుగు నెలల్లో నాకు మొదలైంది.

జులైలో, బయల్దేరే ముందు రోజు, చిన్న వాన కురుస్తుండగా ప్రణుతి క్లబ్‌హౌస్‌లోకి వచ్చింది. పెట్టెకు తాళం లేదు, నన్ను ఎవరూ దొంగిలించరని వాళ్ళ నమ్మకం. మూత ఎత్తి నన్ను బయటికి తీసింది. నా బరువుకు తూలింది కానీ వదల్లేదు. చంకలో ఒక నేరేడు మొక్క ఉంది.

జనరేటరు గది వెనక మల్కమ్మ మా ఇద్దర్నీ చూసి నోరు తెరిచింది.

"మల్కమ్మ ఆంటీ, ఎలా తవ్వాలో చెప్పండి. మీరు తవ్వొద్దు, నేనే తవ్వుతాను."

"కాళ్ళు ఎడంగ వెట్టు. ఎత్తి దించు, నీ దిక్కు గుంజు. గట్లగాదు, నడుం వంచు బిడ్డా, అది విరగదు తీ!"

మొదటి దెబ్బ రాయికి తగిలి నిప్పురవ్వ లేచింది. రెండోది మట్టిలో దిగింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మూడు జానల గుంటకు ముప్పావుగంట పట్టింది. ఆ నుదుటి మీద చెమట, వాననీళ్ళు కలిసిపోయాయి కానీ చెమట నిజమైనదే, నా పిడి మీదికి కారింది కాబట్టి నాకు తెలుసు. అరచేతుల్లో రెండు బొబ్బలు లేచి, ఒకటి చిట్లింది. నా అంచుతో నల్ల సంచీ చీల్చి, వేళ్ళు విదిల్చి, నాటింది. ఫోను ఇంట్లోనే పెట్టి వచ్చింది.

"ఇగ ఇది నీది," అంది మల్కమ్మ. ప్రణుతి ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నన్ను ఆమె చేతికిచ్చి, కొత్త పారను కాంట్రాక్టరుకు ఇచ్చెయ్యమని చెప్పి వెళ్ళింది.

ఇప్పుడు నేను మళ్ళీ మల్కమ్మ భుజం మీదే తిరుగుతున్నాను. తుప్పు రాలిపోయింది. ముప్పై తొమ్మిది చెట్లకు పాదులు చేస్తున్నాం. చీమలు గుంట వదిలి మా నేరేడు మొదట్లోకి వచ్చాయి. సెలవుల్లో వచ్చి చూస్తానంది ప్రణుతి, ఫోను చేసినప్పుడల్లా వాటి యోగక్షేమాలే ముందు అడుగుతోంది.

క్లబ్‌హౌస్‌లో అద్దాల పెట్టె అలాగే ఉంది. పైన లైటు వెలుగుతోంది, కింద పలక మెరుస్తోంది. ప్రతి ఆదివారం కొత్త అధ్యక్షులు దాని పక్కన నిలబడి, గర్వంగా అటు చెయ్యి చూపిస్తూ ఫోటో దిగుతున్నారు. అందులో నేను లేనని ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.